శాంటా క్లారా కౌంటీలో భూగర్భ ఇంధన ట్యాంకుల లీకు రికార్డులు: కొనేముందు వెతకడం, చదవడం ఎలా

"సందు మొదట్లో పాత గ్యాస్ స్టేషన్ ఉంది, ఆ ఇల్లు కొనొచ్చా?" "స్టేషన్ ఒకటి అమ్మకానికి వచ్చింది, ట్యాంకుల సంగతి ఎలా తెలుసుకోవాలి?" శాన్ హోసే, సన్నీవేల్, కూపర్టినోల్లో ఉన్న మనవాళ్లు తిప్పితిప్పి ఈ రెండే అడుగుతున్నారు. 19 లక్షల పైచిలుకు జనం ఉన్న ఈ కౌంటీలో రికార్డులకు కొదవ లేదు. చాలావరకు ఉచితం, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. చిక్కల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం, "కేస్ క్లోజ్డ్" అన్న మాట కనబడగానే కంప్యూటర్ మూసేయడం.

కాగితాలు చదవడం మీరు చేయగలిగిన పనే. నేలలో నమూనాలు తీయాలా వద్దా అన్నది మాత్రం లైసెన్సున్న జియాలజిస్టుకో ఇంజినీరుకో వదిలేయండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆస్తి చిరునామా, కౌంటీ అసెసర్ ఇచ్చే పార్సెల్ నంబరు
- మూల స్థలమైతే రెండో వీధి పేరుతో ఉండే చిరునామా కూడా
- అక్కడ ఇంతకుముందు నడిచిన వ్యాపారాల పేర్లు, తెలిసినంతవరకు
- అమ్మేవాళ్లిచ్చిన డిస్‌క్లోజర్ల కట్ట మొత్తం
- కంటింజెన్సీ గడువు (అడ్వాన్సు పోకుండా ఒప్పందం వదులుకోగల గడువు) ఏ రోజుతో ముగుస్తుందో, ఆ తేదీ

డిస్‌క్లోజర్ల కట్టలో ట్రాన్స్‌ఫర్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అనే ఫారం ఉంటుంది. ఆస్‌బెస్టాస్, సీసం రంగులతో పాటు ఇంధన ట్యాంకుల గురించీ, కలుషితమైన మట్టి, నీళ్ల గురించీ ఒకే గడిలో అడుగుతారు. అమ్మేవాళ్లు తమకు తెలిసినంత వరకే జవాబిస్తారు. వాళ్లు కొనకముందు 1960ల్లో అక్కడేముందో వాళ్లకు తెలియకపోవచ్చు. "లేదు" అని టిక్కు పెట్టినంత మాత్రాన వెతకడం మానకండి.

## 2. రికార్డుల అభ్యర్థన మొదటి రోజే పంపండి

అందరూ ముందు ఆన్‌లైన్‌లో వెతికి, ఏమైనా దొరికితే అప్పుడు కౌంటీకి రాస్తారు. వరుస తిప్పండి.

కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం అడిగిన రికార్డులు ఇవ్వగలరో లేదో చెప్పడానికి ఆఫీసుకు 10 రోజుల గడువు ఉంటుంది. కారణం చూపి ఇంకో 14 రోజులు పొడిగించుకోవచ్చు. కాగితాలు చేతికందేది ఆ తర్వాతే. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఇంటి కొనుగోలు ఒప్పందం ఫారంలో కంటింజెన్సీలకు మామూలుగా ఉండేది 17 రోజులు. పోటీ ఎక్కువున్న చోట అదీ కుదించేస్తారు. ఆన్‌లైన్‌లో చూశాక రాద్దామనుకుంటే గడువు దాటిపోతుంది.

ఎవరైనా అడగొచ్చు. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆఫర్ పెట్టకముందే అడగొచ్చు కూడా.

ఎవరికి రాయాలి?

- కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ శాఖకు. ట్యాంకుల పర్మిట్లు, తనిఖీలు, లీకు కేసులు, అన్నీ ఒకే ఉత్తరంలో అడగండి.
- ఊరి అగ్నిమాపక శాఖకు. సన్నీవేల్, శాంటా క్లారా, గిల్‌రాయ్ లాంటి ఊళ్లు ప్రమాదకర పదార్థాల తనిఖీ తామే చూసుకుంటాయి. సన్నీవేల్‌లో ఆ పని పబ్లిక్ సేఫ్టీ శాఖది. మిగతా ఊళ్లలోనూ పాత పర్మిట్లు ఇక్కడ మిగిలి ఉండొచ్చు.
- ఊరి బిల్డింగ్ శాఖకు. ట్యాంకు పెట్టడానికో తీయడానికో ఇచ్చిన పర్మిట్లు అడగండి.

ఉత్తరంలో "ఈ చిరునామాకు సంబంధించిన అన్నీ" అని రాస్తే పని సాగదు. ట్యాంకు పర్మిట్లు, తొలగింపు నివేదికలు, మట్టి నమూనాల ఫలితాలు, లీకు నివేదికలు, క్లోజర్ లెటర్ (కేసు మూశామని అధికారులిచ్చే ఉత్తరం) అని పేరుపేరునా రాయండి. రెండు చిరునామాలూ, పార్సెల్ నంబరూ ఇవ్వండి.

## 3. జియోట్రాకర్‌లో వెతకడం

ఉత్తరాలు పంపాక జియోట్రాకర్ తెరవండి. ఇది రాష్ట్ర నీటి వనరుల నియంత్రణ బోర్డు నడిపే డేటాబేస్. ఖాతా అక్కర్లేదు.

చిరునామా కొట్టి, వచ్చిన మ్యాపులో కనీసం మూడు రకాల గుర్తులు ఆన్‌లో ఉన్నాయో చూడండి: లస్ట్ క్లీనప్ సైట్లు, క్లీనప్ ప్రోగ్రామ్ సైట్లు, పర్మిట్ ఉన్న భూగర్భ ట్యాంకులు. లస్ట్ అంటే లీకైన ట్యాంకు కేసు. క్లీనప్ ప్రోగ్రామ్ అంటే ట్యాంకులు కాని ఇతర కాలుష్యం కేసులు. పర్మిట్ గుర్తు ఉన్నంత మాత్రాన లీకు ఉందని కాదు, అక్కడ ట్యాంకు ఉందని మాత్రమే.

ముందు ఆస్తి మీదే గుర్తు ఉందేమో చూడండి. తర్వాత ఆనుకుని ఉన్న స్థలాలు, ఆ తర్వాత అర మైలు, అంటే సుమారు 800 మీటర్ల లోపు ఉన్న లస్ట్ కేసులు. స్థలం చరిత్ర, రికార్డులు చూసి కాలుష్యం ఉండొచ్చా అని నిపుణులు చేసే ఫేజ్ వన్ పరిశీలనలో కూడా లీకు జాబితాలకు ఈ దూరమే వాడతారు.

ప్రతి కేసుకూ గ్లోబల్ ఐడీ ఉంటుంది. లస్ట్ కేసుల్లో టీ అక్షరం తర్వాత 06085 ఉంటే అది శాంటా క్లారా కౌంటీది. 06 రాష్ట్రం, 085 కౌంటీ. మీ జాబితాలో పేర్లతో పాటు ఈ నంబర్లూ రాసుకోండి. స్టేషన్ల పేర్లు మారుతుంటాయి, ఈ నంబరు మారదు.

మ్యాపులో గుర్తు స్థానాన్ని గుడ్డిగా నమ్మకండి. గుర్తు రోడ్డుకు అవతలి వైపో, పక్క స్థలం మీదో పడి ఉండొచ్చు. కేసు కాగితాల్లోని సైట్ ప్లాన్ తెరిచి, వీధుల పేర్లతో పోల్చుకోండి.

## 4. కేసు ఏ దశలో ఉందో చూడటం

- ఓపెన్, సైట్ అసెస్‌మెంట్: లీకు ఎంత దూరం పాకిందో ఇంకా కొలుస్తున్నారు. కొనేవాడికి అన్నిటికన్నా ఇబ్బందైన దశ ఇదే, హద్దు ఎక్కడో ఎవరికీ తెలియదు కాబట్టి.
- ఓపెన్, రెమిడియేషన్: శుభ్రం చేసే పని నడుస్తోంది.
- ఓపెన్, వెరిఫికేషన్ మానిటరింగ్: శుభ్రం చేశాక అంకెలు నిలకడగా ఉన్నాయా అని గమనిస్తున్నారు.
- ఓపెన్, ఎలిజిబుల్ ఫర్ క్లోజర్: మూసే అర్హత వచ్చింది. ప్రజలకు నోటీసు, నీటి పరీక్షల కోసం తవ్విన గమనింపు బావులు పూడ్చడం లాంటి పనులు మిగిలాయి.
- ఓపెన్, ఇనాక్టివ్: పని ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కేసు చూసే అధికారిని అడిగి తీరాలి.
- కంప్లీటెడ్, కేస్ క్లోజ్డ్: ఇక్కడే చాలామంది చదవడం ఆపేస్తారు. అసలు చదవాల్సింది ఇక్కడి నుంచే.

కేసు మూయడానికి రాష్ట్రం 2012 నుంచి తక్కువ ముప్పు విధానం అనేదాన్ని పాటిస్తోంది. దాని ప్రకారం నేల పూర్తిగా శుభ్రం కానక్కర్లేదు. లీకు ఆగాలి, తేలే పెట్రోలును వీలైనంతవరకు తీసేయాలి, మిగిలిన కాలుష్యం ఇక పాకకుండా ఉండాలి, మనుషులకూ బావులకూ తగినంత దూరంలో ఉండాలి.

కొలతలు చూస్తే సంగతి తెలుస్తుంది. నీటిలో కాలుష్యం 100 అడుగులు దాటకుండా, తేలే పెట్రోలు లేకుండా, దగ్గరి నీటి సరఫరా బావి 250 అడుగులకు అవతల ఉంటే భూగర్భ జలం పరంగా కేసు మూయొచ్చు. ఇంకో వెసులుబాటు కింద కాలుష్యం 250 అడుగుల లోపు, బావి 1,000 అడుగుల అవతల ఉంటే నీటిలో బెంజీన్ లీటరుకు 3,000 మైక్రోగ్రాముల లోపు ఉన్నా మూస్తారు. కాలిఫోర్నియాలో తాగునీటికి బెంజీన్ పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. ఇందులో మోసమేమీ లేదు. ఆ నీళ్లు ఎవరూ తాగరన్న లెక్క మీద ఇచ్చిన ముగింపు అది, అంతే. మీరు ఆ స్థలాన్ని ఎలా వాడబోతున్నారో ఆ లెక్కలో లేదు.

## 5. కాగితాలు చదివే వరుస

కేసు పేజీలో సైట్ మ్యాప్స్, డాక్యుమెంట్స్ అన్న ట్యాబు తెరిస్తే పదుల కొద్దీ ఫైళ్లు ఉంటాయి. పాతవాటి నుంచి మొదలుపెడితే మూడో నివేదికకే విసుగొస్తుంది. చివరి నుంచి వెనక్కి రండి.

మొదట క్లోజర్ లెటర్. ఒకటి రెండు పేజీలు. కేసు ఏ వాడకాన్ని ఉద్దేశించి మూశారో, ఏ షరతులు పెట్టారో చూడండి. స్థలం వాడకం మారినా, తవ్వకాలు చేసినా, నీళ్లు తోడినా ముందు కౌంటీకి చెప్పాలన్న షరతు తరచూ కనిపిస్తుంది. బేస్‌మెంటో, స్విమ్మింగ్ పూలో, వెనక చిన్న ఇల్లో కట్టాలనుకునేవాళ్లకు ఈ ఒక్క వాక్యం మీద లక్షలు ఆధారపడి ఉంటాయి. ఆస్తి వాడకంపై ఆంక్ష ఉందంటే అది కౌంటీ రికార్డర్ ఆఫీసులో నమోదై ఉందో లేదో టైటిల్ కంపెనీని అడగండి.

తర్వాత క్లోజర్ సమ్మరీ. ఇందులో ఎన్ని ట్యాంకులు, ఎంత సైజువి, తీశారా లేక లోపల నింపి అక్కడే వదిలేశారా అన్నది ఉంటుంది. మట్టిలో, నీటిలో శుభ్రం చేయకముందు ఎంత, తర్వాత ఎంత అన్న పట్టిక ఉంటుంది. "తర్వాత" గడినే చదవండి. అక్కడ మిగిలి ఉన్నది అదే.

ఆవిరి సంగతి ప్రత్యేకంగా చూడండి. నేలలో మిగిలిన పెట్రోలు ఆవిరై ఇంటి అడుగు నుంచి లోపలికి రావచ్చు. తక్కువ ముప్పు విధానంలో దీనికి ప్రత్యేక కొలమానాలు ఉన్నాయి. అయితే అప్పటికి నడుస్తున్న గ్యాస్ స్టేషన్లకు, ప్రత్యేక ముప్పు కనిపిస్తే తప్ప, వాటి నుంచి మినహాయింపు ఉంది. స్టేషన్‌గా ఉన్నప్పుడు మూసిన కేసులో ఆవిరి పరీక్ష అసలు జరగకపోయి ఉండొచ్చన్నమాట. తర్వాత అక్కడే ఇళ్లో, డే కేరో, రెస్టారెంటో వస్తే? నన్నడిగితే మొత్తం ఫైల్లో ముందు వెతకాల్సింది ఇదే. "సాయిల్ వేపర్" అన్న పేరుతో ఏ నివేదికా లేకపోతే ఆ మాట రాసిపెట్టుకోండి.

ఆఖరి రెండు మూడు మానిటరింగ్ నివేదికలు. బావుల వారీగా పట్టిక ఉంటుంది. ఒక్క రోజు అంకె చూసి ఏమీ తేల్చకండి, కొన్నేళ్ల వరస చూడండి. బెంజీన్, ఎమ్‌టీబీఈ, టీపీహెచ్ అన్న మూడు గడులు చాలు. టీపీహెచ్ అంటే మొత్తం పెట్రోలియం. ఎమ్‌టీబీఈ పెట్రోలులో కలిపిన రసాయనం, నీటిలో తేలిగ్గా కరిగి దూరం పోతుంది. కాలిఫోర్నియా 2003 చివరికి దాన్ని మానేసింది కాబట్టి, అది కనబడితే లీకు అంతకుముందుదని ఊహించొచ్చు.

పక్కనే నీటి మట్టం గడి కూడా చూడండి. 2012 నుంచి 2016 దాకా కరువు. నీరు కిందికి దిగినప్పుడు పెట్రోలు మట్టికి అంటుకుని పైనే ఉండిపోతుంది. మట్టం మళ్లీ పెరగగానే అంకెలు ఎగబాకుతాయి. కరువు నాటి నివేదిక ఒక్కదాన్నే చూపించి "పడిపోయింది చూడండి" అంటే ఒప్పుకోకండి. శుభ్రం చేసే యంత్రాలు ఆపిన వెంటనే తీసిన అంకెలకూ ఇదే మాట.

బావులు. కేసు మూసేముందు గమనింపు బావులు పూడ్చాలి. ఈ కౌంటీలో బావి తవ్వడానికీ పూడ్చడానికీ అనుమతి ఇచ్చేది వ్యాలీ వాటర్. పూడ్చిన పర్మిట్లు ఫైల్లో లేకపోతే మీ పెరట్లోనో డ్రైవ్‌వే కిందో బావి ఇంకా ఉండొచ్చు.

పాత ఉత్తరాలు శాంటా క్లారా వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్ పేరుమీద ఉంటే కంగారు పడకండి. 2004 దాకా లీకు కేసులు వాళ్లే చూసేవాళ్లు, తర్వాత కౌంటీకి వచ్చాయి.

## 6. నీరు ఎటు పారుతోందో చూడటం

అర మైలులో పది కేసులు కనబడితే పదీ మీకు సమస్య కావు. భూగర్భ జలం ఎటు పారుతోందో తెలిస్తే ఎగువనున్న రెండో మూడో మిగులుతాయి.

కౌంటీ ఉత్తర భాగంలో, అంటే శాన్ హోసే, సన్నీవేల్, మౌంటెన్ వ్యూల్లో నీరు మొత్తం మీద బే వైపు పారుతుంది. మోర్గన్ హిల్ దగ్గర కోక్రన్ రోడ్డు ప్రాంతం దాటాక వాలు తిరిగి, దక్షిణంగా పజారో నది వైపు వెళ్తుంది. నీటి బోర్డు కూడా అక్కడే మారుతుంది: ఉత్తరాన శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతీయ బోర్డు, దక్షిణాన సెంట్రల్ కోస్ట్ బోర్డు.

ఇది మోటు లెక్క. వాగులు, తోడే బావులు స్థానికంగా దిశ మారుస్తాయి. దగ్గర్లోని ఏ కేసు మానిటరింగ్ నివేదిక తీసినా నీరు పారే దిశను బాణం గుర్తుతో చూపిస్తుంది. మీ ఇంటికి సంబంధం లేని కేసైనా ఆ బాణం కోసం తెరవండి.

శాన్ మార్టిన్, గిల్‌రాయ్ వైపు సొంత బావి నీళ్లతో నడిచే ఇల్లయితే ఈ అడుగు అస్సలు వదలకండి. ఊరి నీళ్లను సరఫరా సంస్థ పరీక్షిస్తుంది. మీ బావి నీళ్లను మీరే పరీక్ష చేయించుకోవాలి.

## 7. రికార్డుల్లో ఎక్కని ట్యాంకులు

ఈ లోయ ఒకప్పుడు ఆప్రికాట్, ప్రూన్ తోటలమయం. ట్రాక్టర్లకు పెట్రోలు తోటలోనే పాతిన ట్యాంకులో ఉండేది. 1,100 గ్యాలన్లు, అంటే దాదాపు 4,160 లీటర్లు, మించని వ్యవసాయ ట్యాంకులకూ, ఇల్లు వెచ్చబెట్టే నూనె ట్యాంకులకూ రాష్ట్ర ట్యాంకు చట్టం వర్తించదు. పర్మిట్ లేదు, తనిఖీ లేదు, కాబట్టి గుర్తు కూడా లేదు. జియోట్రాకర్ ఖాళీగా ఉందంటే అర్థం ఇంతే.

వీటిని పట్టుకోవడానికి:

- శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఫ్రేమ్‌ఫైండర్‌లో పాత విమాన ఛాయాచిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. తోట మధ్య ఇల్లు, షెడ్డు ఎక్కడున్నాయో చూడండి. ట్యాంకు షెడ్డు పక్కనే ఉండే అవకాశం ఎక్కువ.
- పాత ఊరి నడిబొడ్డు అయితే శాన్‌బోర్న్ అగ్ని బీమా మ్యాపులు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో చాలా ఉన్నాయి. పెట్రోలు ట్యాంకులను వాటిలో గుర్తించేవారు.
- శాన్ హోసే డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయంలోని కాలిఫోర్నియా రూమ్‌లో పాత సిటీ డైరెక్టరీలు ఉన్నాయి. ఆ చిరునామాలో ఏ ఏడు ఎవరున్నారో తెలుస్తుంది.
- స్థలం మీద: గోడ వెంబడి పైకి లేచిన సన్నటి వెంట్ పైపు, నేలలో గుండ్రటి మూత, కారణం లేకుండా అతుకు వేసిన కాంక్రీటు, కుంగిన నేల.

అనుమానం గట్టిపడితే లోహాన్ని పసిగట్టే పరికరంతోనూ, భూమిలోకి రాడార్ పంపే పరికరంతోనూ వెతికేవాళ్లు ఉన్నారు. తవ్వక్కర్లేదు.

## 8. గ్యాస్ స్టేషన్ కొనేవాళ్లకు అదనంగా

పైవన్నీ చేశాక కాలిఫోర్నియా పర్యావరణ సంస్థ నడిపే రెగ్యులేటెడ్ సైట్ పోర్టల్ తెరవండి. తనిఖీల్లో పట్టుకున్న ఉల్లంఘనలు తేదీలతో ఉంటాయి. ఒకే ఉల్లంఘన ఏటేటా వస్తోందంటే యజమాని ఎలాంటివాడో చెప్పక్కర్లేదు.

అమ్మేవాళ్ల నుంచి రాతపూర్వకంగా అడగండి:

- ట్యాంకుల ఆపరేటింగ్ పర్మిట్
- ట్యాంకులు, పైపులు ఏ ఏడాదివి, ఒంటి గోడవా జంట గోడవా
- లీకు పసిగట్టే వ్యవస్థకు ఏటా చేసే పరీక్షల నివేదికలు
- స్పిల్ బకెట్లకు (ట్యాంకు నింపేచోట చిందిన ఇంధనాన్ని పట్టే గిన్నెలకు) ఏటా చేసే పరీక్ష ఫలితాలు
- బయటి గోడకు 36 నెలలకోసారి చేసే పరీక్ష, చివరి రెండు సార్లవి
- డెజిగ్నేటెడ్ ఆపరేటర్ (ట్యాంకుల తనిఖీకి స్టేషన్ నియమించుకున్న వ్యక్తి) 30 రోజులకోసారి చేసే తనిఖీ కాగితాలు
- అలారం చరిత్ర ప్రింటు
- లీకు జరిగితే ఖర్చు భరించగలమన్న ఆర్థిక బాధ్యత ధ్రువపత్రం

అలారం చరిత్రనూ తనిఖీ కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. అలారం మోగిన రోజుకు ఎవరు వచ్చారో, ఏం సరిచేశారో ఎక్కడా లేకపోతే అది పెద్ద ప్రశ్న. ట్యాంకు నుంచి లీకైన ఇంధనం సంగతి, చట్టం మినహాయించిన చిన్నవి తప్ప, 24 గంటల్లో అధికారులకు చెప్పాలి. 5 పనిదినాల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి.

ఒంటి గోడ ట్యాంకులను 2025 డిసెంబర్ 31 లోగా శాశ్వతంగా మూసేయాలని రాష్ట్ర చట్టం గడువు పెట్టింది. అలాంటివి ఉన్న స్టేషన్ ఎవరైనా చూపిస్తే ధర మాట్లాడకముందే వాటి స్థితి కౌంటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. తీసేటప్పుడు అడుగున మట్టి నమూనాలు తీస్తారు. ఎన్నో లీకు కేసులు మొదలయ్యేది ఆ రోజే.

లీకు శుభ్రం చేసే ఖర్చు ఇచ్చే రాష్ట్ర క్లీనప్ ఫండ్ ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అని బ్రోకర్ అంటే తల ఊపకండి. అర్హత, పాత క్లెయిము కొత్త యజమానికి మారడం, రెండూ న్యాయవాదితో చూపించుకోవాల్సినవి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దడం

ఒక కేసు క్లోజ్ అయ్యిందని ఆగిపోవడం. ఒకే స్థలంలో రెండు లీకులకు రెండు కేసులు ఉంటాయి. పాతది మూసి, కొత్తది తెరిచి ఉండొచ్చు. అదే చిరునామాలో ఎన్ని గ్లోబల్ ఐడీలు ఉన్నాయో లెక్కపెట్టండి.

ఫైళ్లు లేవు కాబట్టి ఏమీ జరగలేదనుకోవడం. నివేదికలు ఎలక్ట్రానిక్‌గా ఇవ్వాలన్న నియమం 2001 తర్వాత దశలవారీగా వచ్చింది. 1990ల్లో మూసిన కేసుకు ఆన్‌లైన్‌లో ఒక్క ఉత్తరమే ఉండొచ్చు. మొదటి రోజు పంపిన అభ్యర్థన ఇక్కడే అక్కరకొస్తుంది.

లస్ట్ కేసులు మాత్రమే చూడటం. ఈ కౌంటీలో 23 సూపర్‌ఫండ్ స్థలాలు, అంటే కేంద్రం జాబితాలోని తీవ్ర కాలుష్య స్థలాలు, ఉన్నాయి. వాటిలో చాలావరకు చిప్ కంపెనీలు వదిలిన ద్రావకాలు, టీసీఈ లాంటివి. ఇవి పెట్రోలులా నేలలోని సూక్ష్మజీవుల వల్ల తేలిగ్గా విరగవు, తక్కువ ముప్పు విధానం వీటికి వర్తించదు. జియోట్రాకర్‌లో క్లీనప్ ప్రోగ్రామ్ సైట్లనూ, విష పదార్థాల నియంత్రణ శాఖ వారి ఎన్విరోస్టార్‌నూ కూడా చూడండి.

యూనిట్లు కలగలపడం. నీటికి లీటరుకు మైక్రోగ్రాములు, మట్టికి కిలోకు మిల్లీగ్రాములు, ఆవిరికి ఘనపు మీటరుకు మైక్రోగ్రాములు. మట్టి అంకెను తాగునీటి పరిమితితో పోల్చి హడలిపోయేవాళ్లు ఎక్కువ.

అమ్మేవాళ్ల పాత ఫేజ్ వన్ నివేదికను నమ్మడం. అందులోని రికార్డుల వెతుకులాట, స్థల పరిశీలన లాంటి భాగాలు 180 రోజులు దాటితే మళ్లీ చేయాలి. ఆ నివేదిక మీ పేరున కూడా ఉండదు.

## 10. ఫేజ్ వన్ ఎవరికి కావాలి

మామూలు ఇంటికి, చుట్టుపక్కల ఎగువన తెరిచిన కేసు లేకపోతే, పై అడుగులు సరిపోతాయి. గ్యాస్ స్టేషన్, ఆటో షాపు, డ్రై క్లీనర్, లేదా ఒకప్పుడు అవి ఉన్న స్థలం అయితే చేయించండి. బ్యాంకు ఎలాగూ అడుగుతుంది. ఏఎస్‌టీఎం ఈ1527-21 ప్రమాణం ప్రకారం చేస్తారో లేదో ముందే కనుక్కోండి.

కన్సల్టెంటుకు ఫోన్ చేసేముందు ఒక పేజీ రాసి పంపండి: గ్లోబల్ ఐడీలు, ఒక్కోదాని స్థితి, మీ ఆస్తి నుంచి దూరం, నీరు పారే దిశ, క్లోజర్ లెటర్‌లో షరతులు, ఆవిరి పరీక్ష ఉందో లేదో. ఆ పేజీ చూసిన కన్సల్టెంటు "ముందు నివేదిక చేద్దాం, తర్వాత చూద్దాం" అనకుండా నేరుగా ఆ కేసుల మీద మాట్లాడితే పని అప్పగించొచ్చు.

## 11. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు

జియోట్రాకర్ కాలిఫోర్నియాకే. మిగతా చోట్ల కేంద్ర పర్యావరణ సంస్థ యూఎస్‌టీ ఫైండర్ మ్యాపుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఆ రాష్ట్ర డేటాబేస్‌కు వెళ్లండి. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల పాత ఇల్లు చూస్తున్నవాళ్లు ఏడో అడుగుతో మొదలుపెట్టాలి. అక్కడ గ్యాస్ స్టేషన్ కంటే పెరట్లో పాతిన హీటింగ్ ఆయిల్ ట్యాంకే అసలు తలనొప్పి. ట్యాంక్ స్వీప్ (పాతిన ట్యాంకు కోసం పరికరంతో వెతికించడం) చేయిస్తానన్న షరతు ఆఫర్‌లోనే రాయించండి.